‘ఊరికే చేస్తున్నాం’ అనే మాట వెనుక లెక్కలు: క్రీడా క్లబ్బుల 140 ఏళ్ల కథ

వేసవి సెలవులు మొదలైతే చాలు, హైదరాబాద్ పాతబస్తీ నుంచి కర్నూలు, గుంటూరు దాకా ఎక్కడ కాస్త ఖాళీ మైదానం ఉన్నా పొద్దున్నే పిల్లలతో నిండిపోతుంది. ఫజ్ర్ నమాజు కాగానే కొడుకును బైక్ మీద ఎక్కించుకుని క్రికెట్ క్యాంపు దగ్గర దింపే తండ్రులు ఎందరో. కోచింగ్ ఫీజు, కిట్టు డబ్బులు, టోర్నమెంట్ ఎంట్రీ, సెలక్షన్లకు వెళ్లే ప్రయాణ ఖర్చు అంటూ ఏదో ఒక పేరుతో నెలనెలా డబ్బు ఇస్తూనే ఉంటారు. రసీదు మాత్రం చాలా చోట్ల చేతికి రాదు. ధైర్యం చేసి ఎవరైనా అడిగితే వచ్చే జవాబు ఒకటే: “లెక్కలేంటి భాయ్, మేమేమన్నా జీతాలు తీసుకుంటున్నామా? పిల్లల కోసం ఊరికే చేస్తున్నాం.”

ఆ మాట విన్నాక ఇంకేమీ అడగబుద్ధి కాదు. అడిగితే ఖిద్మత్ చేసేవాళ్లను అనుమానించినట్టు అవుతుందని సంకోచం. నిజంగా ఊరికే చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లకు రుణపడి ఉండాల్సిందే. కానీ ‘డబ్బు కోసం కాదు’ అన్న మాట లెక్క చెప్పకుండా తప్పించుకునే సాకుగా మారడం ఈనాటిది కాదు. దానికి 140 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

2025లో ఈ చరిత్ర మళ్లీ ముందుకొచ్చింది. ఆ ఏడాది జూలైలో బ్రిటన్‌లో ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం వచ్చింది. క్లబ్బుల ఆర్థిక పరిస్థితిని చూసేందుకు స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. నెల తిరగకుండానే, ఆగస్టులో, భారత పార్లమెంటు జాతీయ క్రీడా పాలనా చట్టాన్ని ఆమోదించింది. ఆటలు క్లబ్బుల ఇష్టానికి వదిలేయాల్సినవి అనుకున్న రెండు దేశాలు ఇంచుమించు ఒకే సమయంలో చట్టం దాకా ఎందుకు వచ్చాయి? జవాబు కోసం ఇంగ్లండ్‌లోని ఒక నూలు మిల్లుల పట్టణం దాకా వెనక్కి వెళ్లాలి.

మిల్లు మేనేజరు, రెండు పుస్తకాలు

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్, అంటే ఎఫ్‌ఏ, 1863లో పుట్టింది. దాన్ని నడిపినవాళ్లలో ఎక్కువమంది పెద్ద చదువులు చదివిన, ఆస్తిపాస్తులున్న కుటుంబాల వాళ్లు. ఆట ఆనందం కోసం ఆడాలి, డబ్బు తీసుకుంటే ఆట మలినమవుతుందని వాళ్ల నమ్మకం. అలా డబ్బు ముట్టకుండా ఆడేవాడినే అమెచ్యూర్ అన్నారు. ఆటగాడికి అసలు ఖర్చులు, ఆట వల్ల పోయిన కూలీ తప్ప ఇంకేమీ ఇవ్వకూడదని 1880ల మొదట్లో ఎఫ్‌ఏ నిబంధన పెట్టింది.

ఉత్తరాన లాంకషైర్ మిల్లు పట్టణాల్లో సంగతి వేరు. అక్కడ ఆడేవాడు కూలివాడు, చూసేవాడూ కూలివాడే. శనివారం మధ్యాహ్నం వేలమంది పెన్నీలు పోసి మ్యాచ్ చూసేవారు. గేటు దగ్గర డబ్బు పోగవుతుంటే ఆడేవాడి చేతికి ఏమీ రాకూడదంటే కుదిరే పనేనా? క్లబ్బులు మంచి ఆటగాళ్లను స్కాట్లండ్ నుంచి రప్పించి మిల్లుల్లో ఉద్యోగాలు ఇప్పించేవి. కాగితం మీద అతను మిల్లు కార్మికుడు. అసలు పని ఆట.

ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్బును నడిపిన విలియం సడెల్ ఒక నూలు మిల్లు మేనేజరు. 1884 జనవరిలో ఎఫ్‌ఏ కప్‌లో ప్రెస్టన్, లండన్‌కు చెందిన అప్టన్ పార్క్ క్లబ్బుతో ఆడింది. ప్రెస్టన్ వాళ్లు ఆటగాళ్లకు డబ్బులిస్తున్నారని అప్టన్ పార్క్ ఫిర్యాదు చేసింది. సడెల్ బుకాయించలేదు. ఆటగాళ్లకు ఉద్యోగాలు చూపించానని, మిగతా క్లబ్బులూ ఇదే చేస్తున్నాయని ఒప్పుకున్నాడు. ఎఫ్‌ఏ ప్రెస్టన్‌ను ఆ ఏడాది కప్ నుంచి తప్పించింది.

ఆ తర్వాత ఎఫ్‌ఏ ఇంకో అడుగు వేసింది. బయటి నుంచి తెచ్చిన ఆటగాళ్ల వివరాలు, వాళ్ల పాత సంపాదన, కొత్త సంపాదన రాసి పంపాలని క్లబ్బులను కోరింది. ఆటగాడి సంపాదన మీద క్లబ్బులను లెక్క అడిగిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. ఉత్తరాది క్లబ్బులు ఎదురు తిరిగి, వేరే సంఘం పెట్టుకుంటామని బెదిరించాయి. చివరికి 1885 జూలైలో ఎఫ్‌ఏ దిగొచ్చి, ఆటగాళ్లకు జీతం ఇవ్వడాన్ని కొన్ని షరతులతో చట్టబద్ధం చేసింది. ఆ షరతుల్లో ఒకటి గమనించాల్సినది: జీతం తీసుకునే ఆటగాడు సంఘం కమిటీల్లో కూర్చోకూడదు. కూలీ తీసుకోవచ్చు, లెక్కలు చూసే బల్ల దగ్గరికి మాత్రం రాకూడదు.

సడెల్ కథ అక్కడితో అయిపోలేదు. 1888–89లో జరిగిన మొట్టమొదటి ఫుట్‌బాల్ లీగ్‌ను ప్రెస్టన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచింది. అదే ఏడాది ఎఫ్‌ఏ కప్‌ను ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా గెలిచింది. ఊరంతా అతన్ని నెత్తిన పెట్టుకుంది. 1895లో నిజం బయటపడింది. తాను పనిచేసే మిల్లు డబ్బును వాడుకుని, దాన్ని కప్పిపుచ్చడానికి పుస్తకాల్లో తప్పుడు లెక్కలు రాసినట్టు తేలింది. అందులో చాలా భాగం క్లబ్బుకే పోయిందని చెబుతారు. కోర్టు మూడేళ్ల జైలు వేసింది. బయటికొచ్చాక దక్షిణాఫ్రికా వెళ్లిపోయాడు, అక్కడే చనిపోయాడు.

సడెల్ దొంగా, త్యాగమూర్తా అని ప్రెస్టన్‌లో వాదన సాగొచ్చు. అసలు ప్రశ్న అది కాదు. గెలుస్తున్నంత కాలం ‘ఈ జట్టుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది’ అని ఎవరూ గట్టిగా అడగలేదు. మనిషి మంచివాడన్న నమ్మకమే ఆడిట్ అయిపోయింది.

ఒకే నేరం, రెండు తీర్పులు

అమెచ్యూర్ నియమం అందరికీ ఒకటే అని చెప్పేవారు. నడిచిన తీరు చూస్తే అలా కనిపించదు.

ఇంగ్లిష్ క్రికెట్‌లో ఆటగాళ్లు రెండు జాతులు. డబ్బు తీసుకోనివాళ్లు ‘జెంటిల్‌మెన్’, తీసుకునేవాళ్లు ‘ప్లేయర్స్’. మైదానంలోకి రావడానికి వేర్వేరు గేట్లు, వేర్వేరు గదులు. స్కోరు కార్డులో అమెచ్యూర్ పేరుకు ఇనీషియల్స్ ముందు రావాలి, ప్రొఫెషనల్‌కు వెనక. 1950లో లార్డ్స్ మైదానంలో యువ బౌలర్ ఫ్రెడ్ టిట్మస్ ఇనీషియల్స్ పొరపాటున పేరు ముందు అచ్చయితే, మైకులో ప్రకటన చేసి మరీ సరిదిద్దారు.

ఇప్పుడు డబ్ల్యూ.జి. గ్రేస్ సంగతి చూడండి. ఆ కాలపు అతిపెద్ద క్రికెటర్, వృత్తికి డాక్టరు, రికార్డుల్లో అమెచ్యూర్. 1895లో ఆయన కోసం అభిమానులు, పత్రికలు వసూలు చేసిన సన్మాన నిధి 9 వేల పౌండ్లు దాటింది. అప్పట్లో ప్రొఫెషనల్ క్రికెటర్ జీవితమంతా ఆడినా అంత కళ్లజూడటం కష్టం. పర్యటనలకూ ఆయనకు భారీగా ముట్టేది. అయినా ఎవరూ ఆయన్ని జెంటిల్‌మెన్ జాబితా నుంచి తీసేయలేదు. జీతం అంటే తప్పు, ఖర్చులు, కానుక అంటే ఒప్పు. పేరు మార్చితే పుస్తకంలో కనబడదు.

అమెరికన్ అథ్లెట్ జిమ్ థోర్ప్ మీద మాత్రం ఆ దయ చూపలేదు. ఆయన ఆదివాసీ కుటుంబంలో పుట్టినవాడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ స్వర్ణం గెలిచాడు. అంతకుముందు కొద్దికాలం చిన్న బేస్‌బాల్ లీగ్‌లో చిల్లర డబ్బుకు ఆడాడని తెలిసి 1913లో పతకాలు లాక్కున్నారు. కాలేజీ కుర్రాళ్లు చాలామంది మారుపేర్లతో అలాగే ఆడేవారు. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు, అందుకే దొరికిపోయాడు. ఆయన 1953లో చనిపోయాడు. పతకాలను తిరిగి కుటుంబానికి ఇవ్వాలని నిర్ణయించింది 1982లో, ఆ పోటీలకు ఏకైక విజేతగా గుర్తించింది 2022లో.

రగ్బీలోనూ ఇదే గొడవ. శనివారం షిఫ్టు వదిలి ఆడటానికి వచ్చే గని, మిల్లు కార్మికులకు పోయిన కూలీ కింద రోజుకు 6 షిల్లింగులు ఇద్దామని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. పెద్దలు ససేమిరా అన్నారు. 1895 ఆగస్టులో ఆ క్లబ్బులు విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నాయి. దాంతో ఆటే రెండుగా చీలిపోయింది. మిగిలిన రగ్బీ యూనియన్ డబ్బును అధికారికంగా ఒప్పుకోవడానికి సరిగ్గా నూరేళ్లు, అంటే 1995 దాకా పట్టింది. మధ్యలో ఆటగాళ్ల బూట్లలో నోట్లు దాచిపెట్టి ఇచ్చే అలవాటు అందరికీ తెలుసు, ఏ రిజిస్టరులోనూ లేదు.

డబ్బును నిషేధిస్తే డబ్బు ఆగలేదు. లెక్క మాత్రం మాయమైంది. లెక్క మాయమైనప్పుడల్లా పేదవాడు దొరికిపోయాడు, పెద్దవాడు తప్పించుకున్నాడు.

గడ్డి కొన్నట్టు బిల్లు

1885 తర్వాత జీతాలు చట్టబద్ధమయ్యాక చాలా క్లబ్బులు లిమిటెడ్ కంపెనీలుగా మారాయి. స్టేడియం కట్టాలంటే అప్పు కావాలి, అప్పు కావాలంటే కంపెనీ ఉండాలి. బ్రిటన్‌లో 1900 నాటి చట్టంతో కంపెనీలకు ఆడిట్ తప్పనిసరైంది. 1907 చట్టంతో పబ్లిక్ కంపెనీలు బ్యాలెన్స్ షీట్‌ను రిజిస్ట్రార్‌కు సమర్పించాల్సి వచ్చింది. క్లబ్బుల లెక్కలు బయటివాళ్ల కంట పడే దారి అలా తెరుచుకుంది.

అయినా పాత ఆదర్శం పూర్తిగా పోలేదు. క్లబ్బు వ్యాపారం కాకూడదని ఎఫ్‌ఏ రెండు హద్దులు పెట్టింది. వాటాదారులకు డివిడెండ్ 5 శాతం దాటకూడదు. డైరెక్టర్లు జీతం తీసుకోకూడదు. ఈ రెండో నియమం 1981 దాకా నడిచింది. ఉద్దేశం మంచిదే. వీటికి తోడు 1901 నుంచి ఆటగాడి గరిష్ఠ జీతం వారానికి 4 పౌండ్లు అని ఇంకో గీత గీశారు. సొమ్ము ఎంత వచ్చినా, ఎంత గొప్పగా ఆడినా అంతకు మించి ఇవ్వకూడదు.

మళ్లీ పాత కథే. 1906లో మాంచెస్టర్ సిటీ క్లబ్బు 4 పౌండ్లకు మించి ఇచ్చినట్టు తేలింది. 17 మంది ఆటగాళ్లను సస్పెండ్ చేశారు, మేనేజరును నిషేధించారు. మిగతా క్లబ్బులు బుద్ధి తెచ్చుకోలేదు, జాగ్రత్త నేర్చుకున్నాయి.

ఆ జాగ్రత్త ఏ స్థాయికి చేరిందో 1957లో సండర్లాండ్ క్లబ్బు వ్యవహారం చూపించింది. ఒక అనామక ఉత్తరంతో విచారణ మొదలైంది. చలికాలంలో మైదానం గడ్డకట్టకుండా దాని మీద ఎండుగడ్డి పరిచేవారు. ఆ గడ్డికి, ఇతర పనులకు కాంట్రాక్టర్లకు చెల్లించినట్టు బిల్లులు రాసి, అందులో కొంత వెనక్కి తెచ్చుకుని ఆటగాళ్లకు రహస్యంగా ఇచ్చారు. పుస్తకంలో గడ్డి ఉంది, జేబులో జీతం ఉంది. ఎఫ్‌ఏ క్లబ్బుకు 5 వేల పౌండ్ల జరిమానా వేసి, ఛైర్మన్‌ను, కొందరు డైరెక్టర్లను పక్కన పెట్టింది. అంటే ఆడిట్ ఉన్న కంపెనీలోనూ, జీతం తీసుకోని డైరెక్టర్ల పర్యవేక్షణలోనే ఇది జరిగింది.

ఆటగాళ్ల యూనియన్ సమ్మె నోటీసు ఇచ్చాక 1961 జనవరిలో గరిష్ఠ జీతం రద్దయింది. 1962 చివర్లో క్రికెట్‌లో జెంటిల్‌మెన్, ప్లేయర్స్ తేడా తీసేశారు. 1974లో ఎఫ్‌ఏ అమెచ్యూర్ అన్న మాటనే నిబంధనల్లోంచి తొలగించింది. దాంతో దాచాల్సిన అవసరం తగ్గింది. కానీ దాచే అలవాటు, అప్పులు చేసి ఆడించే అలవాటు పోలేదు. 1885 నాటి బరీ క్లబ్బును డబ్బు లెక్కలు తేలక 2019 ఆగస్టులో ఫుట్‌బాల్ లీగ్ నుంచి తీసేశారు. తాతలనాటి నుంచి ఆ మైదానానికి వెళ్లిన కుటుంబాలు తాళం వేసిన గేటు ముందు నిలబడ్డాయి. 2025 చట్టం వెనుక ఉన్నది ఆ గేటు లాంటి గేట్లే. ఇక పై ఐదు స్థాయుల క్లబ్బులు లైసెన్సు తీసుకోవాలి, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే చూపాలి.

కోల్‌కతా, హైదరాబాద్: కాగితం మీద అమెచ్యూర్లు

ఇంగ్లిష్‌వాళ్లు ఆటతో పాటు ఈ అమెచ్యూర్ నియమాన్నీ ఇక్కడికి తెచ్చారు. కోల్‌కతాలో 1891లో పుట్టిన మొహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బు 1934లో కలకత్తా ఫుట్‌బాల్ లీగ్ గెలిచిన తొలి భారతీయ క్లబ్బు అయింది. 1938 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది. దేశమంతా ముస్లిం ఇళ్లలో ఆ పేరు మారుమోగింది. బెంగాల్ బయటి నుంచి, బెంగళూరు నుంచి పెషావర్ దాకా ఆటగాళ్లను వెతికి తెచ్చిన క్లబ్బు అది. ఇంత దూరం నుంచి వచ్చిన పేదింటి కుర్రాడు గాలి తిని బతకడు కదా. వసతి, చిన్న ఉద్యోగం, చేతి ఖర్చు క్లబ్బు పెద్దలు చూసేవారు. మిగతా పెద్ద క్లబ్బులదీ అదే దారి. కాగితం మీద మాత్రం అందరూ అమెచ్యూర్లే.

హైదరాబాద్‌లో ఇదే ఇంకో రూపం తీసుకుంది. టీచరు ఉద్యోగం చేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లకు ఈ కథ తెలిసిందే. ఆ ఆటగాళ్లలో చాలామందికి పోలీసు, రైల్వే ఉద్యోగాలే జీవనాధారం. ఆ ఏర్పాటు ఎన్నో పేద కుటుంబాలకు అన్నం పెట్టింది, దాన్ని తక్కువ చేయలేం. కానీ జీతం నౌకరీది, ఆటది కాదు. తన ఆట చూడటానికి అమ్మిన టికెట్ల సొమ్ము ఎటు పోయిందని అడిగే హక్కు ఆటగాడికి లేదు. దేశంలో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ మొదలైందే 1996లో.

ప్రొఫెషనల్ కాలం వచ్చాక కష్టాలు తీరాయా అంటే, అదీ లేదు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, రెండేళ్లు తిరగకముందే జీతాలు చెల్లించలేక ఆటగాళ్లను పోగొట్టుకుంది. కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. 2024లో అదే లీగ్‌లోకి చేరిన మొహమ్మడన్ స్పోర్టింగ్‌లోనూ జీతాల బకాయిలతో ఆటగాళ్లు ఆందోళనకు దిగారు. కంపెనీ అయినంత మాత్రాన, కాగితాలు దాఖలు చేసినంత మాత్రాన క్లబ్బు నిలబడదు. ఆ కాగితాలను చదివేవాళ్లు, చదివి ప్రశ్నించేవాళ్లు కావాలి.

జీతం లేని పెద్దలు, కోట్ల ఆదాయం

ఇవాళ ఇండియాలో అమెచ్యూర్ అన్న మాట ఆటగాడి మీద నుంచి పాలకుడి మీదికి మారింది. చాలా క్రీడా సంఘాలు సొసైటీలుగా నమోదైనవే. వాటి కార్యదర్శి, కోశాధికారి పదవులు ‘గౌరవ’ పదవులు, అంటే జీతం లేనివి. బీసీసీఐ కూడా తమిళనాడు సొసైటీల చట్టం కింద నమోదైన సంస్థే. 2023–27 ఐపీఎల్ ప్రసార హక్కులకు అది అందుకునేది 48,390 కోట్ల రూపాయలు. జీతం లేని పదవుల కోసం ఎన్నికల్లో అంత పోటీ ఎందుకు అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది.

2013 ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ గొడవ తర్వాత సుప్రీంకోర్టు 2015లో జస్టిస్ లోధా కమిటీని వేసింది. కమిటీ చెప్పిన మార్పుల్లో చాలావాటిని కోర్టు 2016 జూలైలో ఆమోదించింది. పదవుల మధ్య విరామం, 70 ఏళ్ల వయోపరిమితితో పాటు, పాలక మండలిలో కాగ్ ప్రతినిధి ఒకరు కూర్చోవాలన్నది అందులో ఉంది. క్రీడా సంఘంలోకి ప్రభుత్వ ఆడిటర్ మనిషిని పంపాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ కథ తెలుగువాళ్లకు మరీ దగ్గరిది. 1934లో పుట్టిన ఈ సంఘంలో ఓటు క్లబ్బులది. ఒకే కుటుంబం చేతిలో పలు క్లబ్బులు ఉంటే ఓట్లూ వాళ్లవే. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా నియమించింది. ఒకరి చేతిలో ఒకటికి మించి క్లబ్బులు ఉన్నాయని తేలడంతో 50కి పైగా క్లబ్బులను ఆయన ఆ ఏడాది ఎన్నికలకు దూరం పెట్టారు. ఉప్పల్ స్టేడియానికి జనరేటర్లు, అగ్నిమాపక పరికరాలు, పైకప్పు కొనుగోళ్లలో సుమారు 20 కోట్ల రూపాయలు దుర్వినియోగమయ్యాయన్న కేసులో ఈడీ విచారణ జరిపింది. 2025 జూలైలో సీఐడీ సంఘం అధ్యక్షుడిని, మరికొందరిని అరెస్టు చేసింది. ఇవన్నీ ఆరోపణలే, ఎవరిది తప్పో కోర్టులు తేల్చాలి. కానీ సండర్లాండ్ గడ్డి బిల్లు కథ విన్నవాళ్లకు ఒక సంగతి తట్టకమానదు. సంఘాల్లో అనుమానం ఎప్పుడూ కొనుగోలు బిల్లుల చుట్టూనే తిరుగుతుంది. ఎందుకంటే సభ్యుడు చూడని పుస్తకం అదే.

2025 ఆగస్టు చట్టం ఇక్కడ కొంత దారి చూపుతోంది. జాతీయ క్రీడా బోర్డు, ట్రిబ్యునల్ వస్తాయి. ఏటా ఆడిట్ చేసిన లెక్కలు ప్రచురించని సమాఖ్య గుర్తింపును బోర్డు రద్దు చేయవచ్చు. అయితే సమాచార హక్కు చట్టం మాత్రం ప్రభుత్వ నిధులు తీసుకునే సంఘాలకే వర్తిస్తుంది. సొంత ఆదాయంతో నడిచే బీసీసీఐ దాని బయటే ఉండిపోయింది. పైగా ఈ చట్టం చూసేది పైనున్న సమాఖ్యలను. గల్లీ చివర మైదానంలో క్యాంపు నడిపే క్లబ్బు దాకా ఏ బోర్డూ రాదు. అక్కడ బోర్డు పిల్లల తల్లిదండ్రులే.

అడగడం అనుమానించడం కాదు

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. చిన్న క్లబ్బును నడిపేది ఒక రిటైర్డ్ ఆటగాడు, ఇద్దరు దుకాణదారులు. వాళ్ల మీద ఆడిట్లు, ఫారాల బరువు వేస్తే విసిగిపోయి వదిలేస్తారు, నష్టపోయేది పిల్లలే. ఇది నిజం. అందుకే 40 మంది పిల్లలున్న క్యాంపును బీసీసీఐ లెక్కన కొలవకూడదు. కానీ ఒక నోటు పుస్తకం, ఒక రసీదు పుస్తకం, నెలకోసారి గోడ మీద అతికించే ఒక కాగితం ఎవరికీ బరువు కాదు.

ఈ పద్ధతి ముస్లిం మొహల్లాలకు కొత్తదేమీ కాదు. ఎన్నో మస్జిదుల్లో జుమ్మా రోజు ఎంత చందా వచ్చిందో, కరెంటు బిల్లు ఎంత, ఇమామ్ సాబ్ జీతం ఎంత అన్నది బోర్డు మీద రాస్తారు. కమిటీ సద్ర్ కూడా జీతం తీసుకోడు. అయినా లెక్క రాస్తాడు. ఎందుకంటే అది అమానత్. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, సూరా బఖరాలోని 282వది, అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోవడం గురించే. నమ్మకం లేనందుకు కాదు, నమ్మకం చెడకుండా ఉండేందుకే హిసాబ్ రాస్తారు. మస్జిద్ చందాకు ఉన్న ఈ మర్యాద పిల్లాడి క్రికెట్ ఫీజుకు ఎందుకు ఉండకూడదు?

పిల్లలను క్లబ్బులో చేర్చే ముందు తల్లిదండ్రులు మర్యాదగా అడగదగ్గ ప్రశ్నలు నాలుగున్నాయి. క్లబ్బు సొసైటీగా నమోదైందా, నమోదు నంబరు ఎంత? కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఇస్తారా? ఏడాదికోసారి అందరినీ పిలిచి జమాఖర్చులు చదివి వినిపిస్తారా? సంఘం ఎన్నికల్లో క్లబ్బు తరఫున ఓటు వేసేది ఎవరు, వారిని ఎవరు ఎన్నుకున్నారు? నమోదైన సొసైటీ లెక్కలు రాసి, ఆడిట్ చేయించి, సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలి. అది దయ కాదు, దాని బాధ్యత.

ఈ ప్రశ్నలు వింటే నిజంగా ఊరికే చేసేవాళ్లు బాధపడరు, పుస్తకం తెచ్చి ముందు పెడతారు. లెక్క తెరిచి ఉంటే రేపు ఎవరైనా నింద వేసినా వాళ్లకు రక్షణ ఆ పుస్తకమే. సడెల్‌కు అలాంటి ప్రశ్న అడిగేవాళ్లు 1889లోనే ఉండి ఉంటే, ప్రెస్టన్ ఒక కప్ తక్కువ గెలిచేదేమో. అతను మాత్రం జైలుకు వెళ్లాల్సి వచ్చేది కాదు.